కారు పెయింట్ సీలెంట్ నిజంగా ఎన్నాళ్లుంటుంది: సరిగ్గా వేయడం, కొలిచి చూడడం, నిలబెట్టుకోవడం

డబ్బా మీద 12 నెలలని ఉంటుంది. నాలుగో నెల వచ్చేసరికి బానెట్ మీద నీళ్లు బొట్లుగా నిలవడం మానేసి మడుగు కడతాయి. అప్పుడు చాలామంది రెండు రకాలుగా పొరబడతారు. కొందరు సరుకే నాసిరకమని తేల్చేసి ఇంకో డబ్బా కొంటారు. ఇంకొందరు పాత సీలెంట్ ఇంకా బతికే ఉందని తెలియక, మురికి పొర మీదే కొత్తది రుద్దేస్తారు. ఈ రెండూ తప్పాలంటే మీ కారు మీద, మీరు కడిగే తీరుకు, మీ ఎండకు అది ఎన్నాళ్లుంటుందో మీరే కొలుచుకోవాలి. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మాస్కింగ్ టేపు, నీళ్లు కొట్టే స్ప్రే సీసా, ఫోన్ కెమెరా చాలు. కాకపోతే ముందు సరిగ్గా వేసి ఉండాలి. లేదంటే మీరు కొలిచేది సీలెంట్‌ను కాదు, చేసిన పనిలోని లోపాన్ని.

ఏది ఎంతకాలం

సీలెంట్ అంటే కృత్రిమ పాలిమర్ల పూత. చాలా వాటిలో అసలు పని చేసేది అమైనో గుంపులు తగిలించిన సిలికోన్. ఆ అమైనో కొసలు పెయింట్‌ను పట్టుకుంటాయి, సిలికోన్ భాగం బయటివైపు తిరిగి నీళ్లను నెట్టేస్తుంది. కారు రంగు మీద పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. దాని మీద సీలెంట్ పొర ఒక మైక్రాన్ కూడా ఉండదు. గీతలు పడకుండా, రాళ్లు తగిలినా పెచ్చులూడకుండా అది కాపాడుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. అది చేసేది మురికి గట్టిగా అంటకుండా చూడడం, కడగడం తేలిక చేయడం, పిట్ట రెట్టలాంటివి పెయింట్ దాకా దిగేలోపు మీకు కొన్ని గంటల గడువివ్వడం.

ఆరుబయట నిలిపి, రోజూ తిప్పుతూ, వారం పది రోజులకోసారి మామూలు షాంపూతో కడిగే కారుకు ఈ లెక్క వాస్తవానికి దగ్గరగా ఉంటుంది:

- కడిగాక కొట్టి తుడిచే స్ప్రే సీలెంట్లు: 3 నుంచి 8 వారాలు
- కార్నౌబా వ్యాక్స్ (ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం): 4 నుంచి 8 వారాలు, మండే ఎండల్లో ఇంకా తక్కువ
- పాలిష్, సీలెంట్ కలిపి ఒకే సీసాలో వచ్చేవి: 1 నుంచి 3 నెలలు
- ప్యాడ్‌తో రాసే ద్రవ, క్రీమ్ సీలెంట్లు: 3 నుంచి 6 నెలలు
- ఇంట్లో వేసుకునే సిరామిక్ కోటింగులు (పెయింట్ మీద గట్టి పొరగా బిగుసుకునేవి): జాగ్రత్తగా చూసుకుంటే ఏడాది నుంచి రెండేళ్లు

కారు నీడపట్టున ఉంటే ఈ అంకెల్లో పై కొసకు, కొన్నిసార్లు దాన్ని దాటి కూడా వెళ్తుంది. మరి డబ్బా మీది 12 నెలలు అబద్ధమా అంటే, పూర్తిగా కాదు. కప్పు కింద ఉండే కారు, మృదువైన షాంపూ, అరుదుగా కడగడం, ఇవన్నీ కుదిరితే 12 నెలల తర్వాత కూడా ఎక్కడో కొద్దిగా నీటిని నెట్టే గుణం మిగిలే ఉంటుంది. ఆ కొద్దిగా మిగలడాన్ని "ఉంది" అని లెక్కేస్తే డబ్బా గెలుస్తుంది. కడగడం తేలికవుతోందా, రెట్ట పడితే మచ్చ దిగకుండా ఆగుతోందా అని చూస్తే ఆ గడువు సగానికో మూడో వంతుకో పడిపోతుంది.

దాన్ని చంపేదేమిటి

నెలలు గడవడం వల్ల సీలెంట్ పోదు. ఆ నెలల్లో దాని మీద జరిగే పనుల వల్ల పోతుంది. అన్నిటికంటే పెద్ద శత్రువు ఘాటైన క్షార ద్రావణం. చేయి తగలకుండా కారు కడిగే యంత్రాల్లో రుద్దే పని ఉండదు కాబట్టి మురికిని రసాయనమే వదిలించాలి. అందుకే వాటిలో పీహెచ్ 11, 12 దాటే ద్రావణాలు వాడతారు. రోడ్డు మీది జిడ్డు మురికిని వదిలించడానికి కడిగే ముందు చల్లే కొన్ని ట్రాఫిక్ ఫిల్మ్ క్లీనర్లదీ ఇదే బాపతు. ఆరు నెలలుండాల్సిన సీలెంట్‌ను ఇలాంటి నాలుగైదు వాష్‌లు సగం దింపేస్తాయి.

రెండోది రాపిడి. దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో దులపడమంటే ఇసుకతో తోమడమే. రోజూ పొద్దున్నే అలా తుడిచే కారుకు ఏ సీలెంటూ డబ్బా మీద రాసినన్నాళ్లు ఉండదు, పైగా క్లియర్ కోట్ నిండా సన్నటి గీతలు పడతాయి. మూడోది ఎండ. అతినీలలోహిత కిరణాలు పాలిమర్ గొలుసుల్ని తెంపుతాయి. ముదురు రంగు కారు ఎండలో నిలబడితే రేకు 70 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. కార్నౌబా కరిగేది 82 నుంచి 86 డిగ్రీల మధ్య కాబట్టి వ్యాక్స్ ఎండలో ముందే మెత్తబడుతుంది, సీలెంట్ అంతకంటే గట్టిగా నిలబడుతుంది. ఇక పిట్ట రెట్టలు, పురుగుల మరకలు, నీళ్లలోని ఖనిజాలు పడిన చోట పడినట్టే పొరను కొరుకుతాయి.

అందుకే ఒకే రోజు వేసిన సీలెంట్ కారంతా ఒకే రోజు పోదు. బానెట్‌కు పైన ఎండ, కింద ఇంజిన్ వేడి. రూఫ్‌కు రోజంతా ఎండే. డోర్ల కింది భాగానికి, వెనక బంపర్‌కు టైర్లు చిమ్మే ఇసుక, బురద. డోర్ల పై సగానికి వీటిలో ఏదీ పెద్దగా తగలదు కాబట్టి బానెట్‌తో పోలిస్తే అక్కడ దాదాపు రెట్టింపు కాలం ఉంటుంది. డోర్ మీద ముత్యాల్లాంటి బొట్లు చూసి కారంతా బాగుందనుకోకండి.

వేసే ముందు పని

సీలెంట్ ఆయుష్షులో సగం ఇక్కడే తేలిపోతుంది. నీడలో, రేకు మీద చేయి పెడితే చల్లగా తగిలేటప్పుడు మొదలుపెట్టండి. గాలి ఉష్ణోగ్రత 10 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే పని హాయిగా సాగుతుంది.

కారును షాంపూతో బాగా కడగండి. తడి ఆరకముందే ఐరన్ రిమూవర్ కొట్టండి. బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను క్లియర్ కోట్‌లో గుచ్చుకుని తుప్పు పడుతుంది. దానితో కలిసినప్పుడు ఈ ద్రావణం ఊదా రంగుకు తిరుగుతుంది. 3 నుంచి 5 నిమిషాలు ఉంచి, ఎండిపోకముందే ధారగా నీళ్లు కొట్టి కడిగేయండి. వాసన ఘాటుగా ఉంటుంది, చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

తర్వాత పల్చటి ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి, వేళ్లతో బానెట్‌ను మెల్లగా నిమరండి. మామూలు చేతికి నున్నగా అనిపించిన చోటే సంచిలోంచి గరుకు తెలుస్తుంది. ఆ గరుకున్న చోట క్లే బార్ (అంటుకున్న మురికిని పట్టి లాగే మెత్తటి బంకముద్ద) వాడాలి. షాంపూ నీళ్లో, క్లే లూబ్రికెంటో ధారాళంగా చల్లుతూ, చేతి బరువు వేయకుండా అటూ ఇటూ జరపండి. ముద్ద నల్లబడితే మడిచి శుభ్రమైన వైపు తిప్పుకోండి. నేల మీద పడిందా, ఇక పారేయడమే. అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు, బానెట్ అంతా గీసేయడానికి. నున్నగా ఉన్న చోట క్లే రుద్దనక్కర్లేదు, ఎంత జాగ్రత్తగా చేసినా అది కొద్దిపాటి మసక గీతలు వదులుతుంది.

పాలిష్ చేయదలచుకుంటే ఇప్పుడే చేయాలి. పాలిష్ చేశాక ఒక పని మాత్రం వదలకూడదు, ఎక్కువమంది వదిలేసేదీ అదే. పాలిష్‌లలో నూనెలుంటాయి. వాటిని తీయకుండా సీలెంట్ వేయడం జిడ్డు గోడకు సున్నం వేసినట్టే. ఈ తప్పు వెంటనే బయటపడదు కూడా. ఆ నూనెలే నీళ్లను బొట్లుగా నిలబెడతాయి కాబట్టి మొదటి రెండు వారాలు అంతా భేషుగ్గా కనిపిస్తుంది. రెండు మూడు వాష్‌లకు నూనెతో పాటు సీలెంటూ వెళ్లిపోతుంది. "రెండు వారాలకే పోయింది" అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

నూనె తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. 70 శాతం దొరికితే 100 మిల్లీలీటర్లకు 300 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలపండి. 99 శాతం అయితే 100కు 500 కలపండి. రెండు విధాలా 16, 17 శాతం చుట్టూ ద్రావణం వస్తుంది, అది చాలు. ఇంకా చిక్కగా వాడితే మెత్తటి పెయింట్లు ఉబ్బి మసకబారవచ్చు. ఒక్కో ప్యానెల్ మీద నాలుగైదు సార్లు కొట్టి, శుభ్రమైన మైక్రోఫైబర్ క్లాత్‌తో తుడిచి, వెంటనే రెండో పొడి క్లాత్‌తో మళ్లీ తుడవండి. ఒక్క క్లాతే వాడితే నూనె ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతుంది తప్ప పోదు.

వేయడం

నల్లటి ప్లాస్టిక్ అంచులకు, రబ్బరు బీడింగులకు ముందే మాస్కింగ్ టేపు వేయండి. వాటి మీద సీలెంట్ ఎండితే తెల్లటి చారలు పడి ఓ పట్టాన వదలవు. తర్వాత వరుస ఇది:

1. మెత్తటి ఫోమ్ ప్యాడ్ మీద నాలుగైదు బొట్లు వేసి, ప్యాడ్ ముఖమంతా సమంగా తడిసేలా అద్దండి. ఆ తర్వాత ఒక్కో ప్యానెల్‌కు శనగ గింజంత బొట్లు రెండు మూడు చాలు.
2. 60 సెంటీమీటర్ల చదరం చొప్పున తీసుకుని, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా రాయండి. పెయింట్ మీద పల్చటి తడి మెరుపు కనిపించాలి, తెల్లగా పేరుకోకూడదు.
3. డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనివ్వండి. ఎక్కువ వాటికి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కొన్నిటిని రాసిన వెంటనే తుడవాలి, అవి ఆరితే పట్టేస్తాయి. ఇక్కడ మాత్రం డబ్బా మాట వినాలి.
4. వేలితో ఒక గీత గీసి చూడండి. గీత కింద పెయింట్ శుభ్రంగా కనబడితే తుడవచ్చు. జిడ్డుగా అలుక్కుంటే ఇంకా ఆరాలి.
5. 300 నుంచి 400 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉన్న, పోగులు పొట్టిగా ఉండే క్లాత్‌తో తుడిచి, వైపు తిప్పి మళ్లీ తుడవండి.

మధ్యరకం కారు మొత్తానికి 20 నుంచి 30 మిల్లీలీటర్లు మించి ఖర్చయిందంటే మీరు రాసింది ఎక్కువే. దళసరిగా రాస్తే ఎక్కువ కాలం ఉంటుందన్నది చాలా గట్టిగా పాతుకున్న భ్రమ. పెయింట్‌ను తాకిన పొరే పట్టుకుంటుంది, పైనున్నదంతా క్లాత్‌కు వస్తుంది. దాన్ని తుడవడానికి గట్టిగా రుద్దాల్సి వచ్చి కొత్త గీతలు పడతాయి.

తుడిచాక కనీసం 12 గంటలు, కుదిరితే 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి. ఈలోపు మంచో, నాలుగు చినుకులో పడితే రుద్దకుండా క్లాత్‌ను అద్ది తీయండి. రెండో పొర వేయాలనుకుంటే ఈ గడువు అయ్యాకే. దాని ఉపయోగం మందం పెరగడం కాదు, మొదటిసారి ప్యాడ్ తప్పిపోయిన చోట్లను కప్పడం. మూడో పొర మీ ఓపిక, అంతే.

కొలిచే ఏర్పాటు

సీలెంట్ వేసే రోజే, బానెట్ మీద ఒక మూల అరచేయంత చోట టేపు అంటించి అక్కడ వేయకుండా వదిలేయండి. కొన్ని నెలలు ఆ కాస్త చోటు ఖాళీగా ఉంటే పెయింట్‌కేమీ కాదు, దాని మీద రెట్ట పడితే మాత్రం వెంటనే తీసేయండి. ఈ ఖాళీ చోటు లేకుండా కొలవడం కష్టం. చాలా పెయింట్లు శుభ్రంగా ఉన్నప్పుడు సీలెంట్ లేకపోయినా కొంత బొట్లు కడతాయి. పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

కారు కడిగిన ప్రతి రెండోసారి, ఆరాక, బానెట్ మీద సీలెంట్ ఉన్న చోట, లేని చోట, రూఫ్ మీద, డోర్ పైన, డోర్ కింద, మొత్తం ఐదు చోట్ల పరీక్ష చేయండి. స్ప్రే సీసాను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని పదిసార్లు కొట్టి, కెమెరాను రేకుకు దగ్గరగా వాల్చి ఫొటో తీయండి. పైనుంచి తీస్తే అన్ని బొట్లూ ఒకేలా కనిపిస్తాయి, పక్క నుంచి తీస్తేనే వాటి ఎత్తు తెలుస్తుంది. తాజా సీలెంట్ మీద బొట్టు అర్ధగోళం కంటే పొంగి, అంచు గుండ్రంగా, చిన్నగా నిలబడుతుంది. అరిగేకొద్దీ పొట్ట తగ్గి, వెడల్పై, అంచులు వంకరలు పోతాయి. ఆ తర్వాత బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసి పొరగా పరుచుకుంటాయి. ఈ మూడు దశలకు 3, 2, 1 అని అంకె వేసుకుని తేదీ, వాష్ సంఖ్య పక్కన రాసుకోండి.

కొన్ని సీలెంట్లు బొట్లు కట్టడానికి కాదు, నీళ్లు ఒకే తెరలా జారిపోవడానికి తయారుచేసినవి. వాటికి బొట్ల పరీక్ష న్యాయం చేయదు. పైపు ముక్కు తీసేసి, ఒత్తిడి లేకుండా నీళ్లు పైనుంచి వదిలి, ఆపాక ఒక నిమిషం ఆగి చూడండి. సీలెంట్ ఉన్న చోట చాలావరకు ఖాళీ అవుతుంది, లేని చోట నీటి తెర అలాగే వేలాడుతుంది.

వేలికి జారుడుగా తగలడం, క్లాత్ కీచుమనడం లాంటివాటిని లెక్కలోకి తీసుకోకండి. ఆ జారుడుతనం కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. దానికీ రక్షణకూ సంబంధం తక్కువ. మెరుపు కూడా అంతే. సీలెంట్ పూర్తిగా పోయిన కారు కూడా కడిగితే మెరుస్తుంది.

పోయిందా, మూసుకుపోయిందా

బొట్లు ఆగిపోయాయంటే సీలెంట్ చచ్చిపోయిందనే అర్థం కాదు. దాని మీద దుమ్ము, పొగ జిడ్డు, ఖనిజాల పొర పేరుకుంటే నీళ్లు తాకేది ఆ మురికిని, సీలెంట్‌ను కాదు. తేల్చుకోవడానికి ఒక్క ప్యానెల్ మీద, వరుసగా ఇలా చేయండి.

మొదట వ్యాక్స్, మెరుపు పెంచే పదార్థాల్లాంటివేవీ కలపని మామూలు షాంపూతో కడిగి బొట్లు చూడండి. రాలేదా, ఐరన్ రిమూవర్ కొట్టి, 3 నిమిషాల తర్వాత కడిగి చూడండి. అప్పటికీ రాకపోతే ఖనిజాల వంతు. 5 శాతం తెల్ల వెనిగర్‌ను సమానంగా నీళ్లతో కలిపి, క్లాత్‌తో అద్ది, నిమిషం దాటకుండా ఉంచి, ధారగా కడిగేయండి. ఈ మూడింటిలో ఎక్కడ బొట్లు తిరిగొచ్చినా సీలెంట్ ఉన్నట్టే, అక్కడితో ఆపి ఆరబెట్టుకోండి. మూడూ అయ్యాక కూడా ఖాళీ వదిలిన చోటూ, మిగతా చోటూ ఒకేలా ఉంటే అది పోయినట్టే. నీళ్లలో ఖనిజాలు ఎక్కువగా ఉండే చోట, "పోయింది" అనుకున్న సీలెంట్ ఈ పరీక్షతో తిరిగొస్తే ఆశ్చర్యమేమీ లేదు.

మామూలు షాంపూ అని నొక్కి చెప్పడానికి కారణముంది. వాష్ అండ్ వ్యాక్స్ షాంపూ ప్రతి వాష్‌కూ కాస్త పూత వదులుతుంది. దానితో కడుగుతూ పరీక్షిస్తే మీరు చూసేది షాంపూ కట్టిన బొట్లే. కొలిచే నెలల్లో దాన్ని పక్కన పెట్టండి. గిన్నెలు తోమే సబ్బుతో ఒక్కసారి కడిగితే సీలెంట్ మొత్తం పోతుందన్నది కూడా అతిశయోక్తే. మంచి సీలెంట్ ఒకటి రెండుసార్లు తట్టుకుంటుంది. అలాగని కొత్తది వేసే ముందు పాతదాన్ని తీయడానికి దాన్ని నమ్ముకోకూడదు. ఆ పని తేలికపాటి పాలిష్‌తోనే ఖాయంగా అవుతుంది.

కడిగే పద్ధతి

రెండు బకెట్లు పెట్టుకోండి, ఒక్కోదాంట్లో 10 లీటర్ల నీళ్లు. ఒకదాంట్లో పీహెచ్ 7కు దగ్గరగా ఉండే షాంపూ, డబ్బా చెప్పిన మోతాదుకు మించకుండా. రెండోది మిట్ (కారు రుద్దడానికి చేతికి వేసుకునే మెత్తటి తొడుగు) జాడించడానికి. ముందు రెండు మూడు నిమిషాలు నీళ్లు కొట్టి వదులుగా ఉన్న ఇసుక దించండి. ఆ తర్వాతే చేయి పెట్టాలి. రూఫ్‌తో మొదలుపెట్టి కిందికి రండి, డోర్ల అడుగు, బంపర్లు ఆఖరున. వీల్స్‌కు వేరే మిట్, వేరే బకెట్.

నీళ్లు కారు మీదే ఎండిపోనివ్వకండి. చిత్రమేమిటంటే, సీలెంట్ బాగా పనిచేసే కారు మీదే నీటి మరకలు ఎక్కువ కనిపిస్తాయి. ఒక్కో బొట్టూ ఎండలో ఆరి తనలోని కాల్షియం, మెగ్నీషియం అంతా ఒక చిన్న చుక్కలో వదిలిపోతుంది. అందుకే ఆఖరి కడుగు ఒత్తిడి లేని ధారతో చేస్తే చాలా నీళ్లు వాటంతట అవే దిగిపోతాయి. మిగిలినదాన్ని పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి లాగేయండి.

పిట్ట రెట్ట కనబడితే గోకకండి. తడిపిన టిష్యూ దాని మీద 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక ఎత్తేయండి. ఎండలో క్లియర్ కోట్ మెత్తబడి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడేటప్పుడు గట్టిపడిన రెట్ట చుట్టూ బిగుసుకుంటుంది. అలా పడిన గుంటను ఏ సీలెంటూ పూడ్చలేదు.

ఎప్పుడు, దేని మీద ఏది

బానెట్ మీద అంకె 2కు పడితే మళ్లీ వేసే సమయం వచ్చినట్టే, 1 దాకా ఆగనక్కర్లేదు. అలాగని ప్రతిసారీ కారంతా వేయాల్సిన పనీ లేదు. ఆరుబయట ఉండే కారుకు బానెట్, రూఫ్, డిక్కీ పైభాగం మూడు నెలలకోసారి, మిగతా కారు ఆరు నెలలకోసారి వేస్తే సరుకూ శ్రమా రెండూ కలిసొస్తాయి. మధ్యలో నెలకోసారి, కడిగి తుడిచేటప్పుడు స్ప్రే సీలెంట్ ఒక్కో ప్యానెల్‌కు రెండుసార్లు కొడితే అరిగిపోయేది ముందు అదే, కింది పొర నిలుస్తుంది. కొలిచే మొదటి విడతలో మాత్రం ఇది వద్దు, దేని ఆయుష్షు కొలుస్తున్నారో మీకే తెలియకుండా పోతుంది.

వరుస తారుమారు చేయకండి. సీలెంట్ మీద వ్యాక్స్ నిలుస్తుంది. వ్యాక్స్ మీద సీలెంట్ నిలవదు, ఎందుకంటే అది పెయింట్‌ను తాకనే తాకదు. సిరామిక్ కోటింగ్ ఏదైనా సరే, నేరుగా ఖాళీ పెయింట్ మీదికే.

తేడా వస్తే

రెండు మూడు వాష్‌లకే కారంతా ఒక్కసారిగా పోతే పాలిష్ నూనెలు మిగిలాయి, లేదా ఆరే గడువులోపు నీళ్లు తగిలాయి. ఒక్క ప్యానెల్‌లో చేతి వెడల్పు చారలా పోతే అక్కడ ప్యాడ్ తగల్లేదు. డోర్ల కింద మాత్రమే త్వరగా పోతుంటే కడిగే ముందు కొట్టే ద్రావణం ఘాటెక్కువ, దాన్ని పల్చన చేయండి. తుడిచాక మరుసటి రోజు జిడ్డు మచ్చల్లా తేలితే రాసింది ఎక్కువైంది, లేదా రేకు వేడిగా ఉంది. వాటి మీద అదే సీలెంట్ కొద్దిగా మళ్లీ రాసి వెంటనే తుడిస్తే కరిగి వచ్చేస్తాయి. ప్లాస్టిక్ మీద తెల్ల చారలు పడితే పల్చన చేసిన ఆల్ పర్పస్ క్లీనర్, మెత్తటి బ్రష్ సరిపోతాయి. ఆ క్లీనర్ పెయింట్ మీదికి కారకుండా పక్కన తడిగుడ్డ పట్టుకోండి, అది సీలెంట్‌నూ తినేస్తుంది.

కొత్తగా కొన్న కారు పెయింట్‌ను ఫ్యాక్టరీలో 140 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు కాబట్టి మొదటి రోజే సీలెంట్ వేసుకోవచ్చు. గుద్దుకుని తిరిగి పెయింట్ వేయించిన ప్యానెల్ సంగతి వేరు. వర్క్‌షాపు బూత్‌లో వేడి 60 డిగ్రీల చుట్టూ ఉంటుంది, కొన్నిసార్లు అసలు వేడే ఇవ్వరు. లోపలి ద్రావకాలు ఇంకా బయటికి పోతుంటాయి. పెయింట్ వేసినవాళ్లు చెప్పిన గడువు పాటించండి. వాళ్లేమీ చెప్పకపోతే 30 రోజులు కనీసం, గాలికే ఆరిన పెయింట్‌కు 60 నుంచి 90 రోజులు ఆగండి. అప్పటిదాకా ఆ ప్యానెల్‌ను మామూలు షాంపూతో కడుగుతూ, రెట్ట పడితే ఆ పూటే తీసేస్తే చాలు.